ఇంజనే లేదురా దీనికి!

ట్రాక్టరు అనగానే మన కళ్ల ముందు ఏం కదులుతుంది? దమ్ము చేస్తున్న మడి, బురద చిమ్మే ఇనుప చక్రాలు, పొగ గొట్టం, ఊరి చివరికి వినపడే డుగుడుగు చప్పుడు. కాస్త సరదాగా ఆలోచిస్తే ట్రక్కు నిండా పెళ్లివారు! అదే మాట అమెరికాలో ఊరి శివార్లలో ఇల్లున్న ఏ మధ్యతరగతి మనిషి దగ్గరో అనండి. ఆయన మనసులో మెదిలేది వేరు. ఇంటి చుట్టూ ఎకరం, ఎకరంన్నర పచ్చగడ్డి. దాని మీద చిన్నపిల్లల బొమ్మకారు కంటే కాస్త పెద్దదైన బండి. దాని మీద టోపీ పెట్టుకున్న ఓ పెద్దాయన. వేసవిలో గడ్డి కోస్తుంది. చలికాలంలో మంచు తోస్తుంది. దాన్ని వాళ్లు 'గార్డెన్ ట్రాక్టర్' అంటారు. మన తోట ట్రాక్టరన్నమాట.

అక్కడ చాలామందికి ఈ బండి పనిముట్టు మాత్రమే కాదు, ఆటవస్తువు కూడా. పాతదాన్ని కొంటారు, విప్పుతారు, రంగులేస్తారు, లైట్లు పెడతారు, సీటు మారుస్తారు, వెనకాల ట్రాలీ తగిలిస్తారు. మన కుర్రాళ్లు పాత బుల్లెట్టుకు చేసే ముస్తాబు లాంటిదే. వీటిలో కరెంటు ట్రాక్టర్ల పిచ్చి ఉన్నవాళ్లది ఇంకో కులం! ఆ కులంలోకి గుంటూరు జిల్లాలోని ఓ ఆర్టీసీ డిపోలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మా నాన్న ఎలా చేరిపోయారో చెప్పడానికే ఇదంతా.

సోఫాలో మనిషి

అమ్మ పోయింది 2022లో. ఆ తర్వాత నాన్న ఒక్కరే ఇంట్లో ఉండేవారు. నేనుండేది హైదరాబాదులో. 'అక్కడ రెండు గదుల్లో నేనేం చేస్తానురా' అని నా దగ్గరికి రాలేదు. 2024 ఏప్రిల్లో అక్క పట్టుబట్టి విజిటర్ వీసా మీద తనతో తీసుకెళ్లింది. అక్కావాళ్లుండేది న్యూయార్క్ రాష్ట్రంలో. న్యూయార్క్ అంటే ఆకాశహర్మ్యాలు ఊహించుకోకండి. ఆ మహానగరానికి ఉత్తరాన కారులో మూడు గంటలు పోతే ఆల్బనీ వస్తుంది. రాష్ట్ర రాజధాని అదే. ఆ చుట్టుపక్కల చెట్లు, గుట్టలు, దూరదూరంగా ఇళ్లు.

అమెరికా వెళ్లిన మన పెద్దవాళ్ల కథ మీకు తెలిసిందే. కారు నడపలేరు. కాలినడకన వెళ్దామంటే వీధిలో మనిషి కనపడడు. ఉదయం ఏడున్నరకి పిల్లలు బళ్లకి, పెద్దలు ఆఫీసులకి. సాయంత్రం దాకా ఇల్లు, టీవీ, మైక్రోవేవ్. మొదటి రెండు వారాలు నాన్న అన్నీ వింతగా చూశారట. ఆ తర్వాత మాటలు తగ్గిపోయాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, లైటు కూడా వేయకుండా సోఫాలో కూర్చునేవారట.

'అన్నం తింటున్నారు, అడిగితే జవాబు చెబుతున్నారు. అంతేరా. ఇంట్లో నాన్న ఉన్నట్టు లేదు' అంటూ అక్క ఫోన్లో ఏడ్చింది. డాక్టరుకు చూపిద్దామా, తిప్పి పంపించేద్దామా అని మే నెలంతా మేమిద్దరం ఇదే చర్చ. పంపిస్తే మళ్లీ ఆ ఖాళీ ఇల్లు. ఉంచితే ఈ సోఫా. ఎటు చూసినా గొయ్యే.

అలాంటి సమయంలో ఓ రోజు రాత్రి పదింటికి నాన్న దగ్గర్నుంచి వీడియో కాల్. తనంతట తాను ఫోన్ చేయడం ఆ నెలలో అదే మొదలు. ఫోన్లో మొహం లేదు, ఏదో తుప్పు పట్టిన డబ్బా.

'ఒరే, ఇది చూడు. ఇంజనే లేదురా దీనికి!'

యాభై ఏళ్ల నాటి బండి

జరిగింది ఏమిటంటే... అక్కావాళ్లు ఆ ఇల్లు కొన్నప్పుడు, అమ్మిన ముసలాయన వెనక షెడ్డులో ఓ పాత ట్రాక్టరు వదిలేసి వెళ్లాడు. పాత సామాను కొట్టుకు వేద్దామని బావ అనుకుంటూనే ఉన్నాడు. ఆ రోజు బడికి సెలవు. నాలుగో తరగతి చదివే మా మేనల్లుడు తాత చెయ్యి పట్టుకుని 'తాతా, ట్రాక్టర్ చూద్దాం రా' అని లాక్కెళ్లాడు. నాన్న బానెట్ ఎత్తారు. రేడియేటర్ లేదు, సిలిండర్ లేదు, డీజిల్ ట్యాంకు లేదు. వరసగా బ్యాటరీలు. సీసం లగ్గుల మీద తెల్లగా బూజులా పేరుకున్న సల్ఫేటు పొట్టు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాన్న రోజూ చూసిన దృశ్యమది.

పేరు పలక మీద ఉన్న అక్షరాలు చదివించుకుని, సంగతేమిటో నన్ను కనుక్కోమన్నారు. విలేకరిగా ఇన్నేళ్ల నా అనుభవం ఎట్టకేలకు ఇంట్లో పనికొచ్చింది!

ఆ బండి పేరు 'ఎలెక్-ట్రాక్'. తయారుచేసింది జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ. 1969 నుంచి 1975 దాకా వీటిని తయారుచేశారు. బ్రూస్ లామీస్టర్ అనే ఇంజినీరు ఆ విభాగానికి సారథి. తమాషా ఏమిటంటే ఇవి పుట్టిన స్కెనెక్టడీ పట్టణం ఆల్బనీకి పక్కనే. థామస్ ఎడిసన్ 1886లో తన యంత్రాల కర్మాగారాన్ని అక్కడికి తరలించాడు. ఆ ఊరికి 'ఎలక్ట్రిక్ సిటీ' అన్న పేరు అలా వచ్చిందే. అంటే ఆ బండి పుట్టింటికి కూతవేటు దూరంలోనే షెడ్డులో పడుందన్నమాట.

అందులో ఆరు వోల్టుల బ్యాటరీలు ఆరు. గోల్ఫ్ మైదానాల్లో తిరిగే బండ్లలో వాడేవి. వరసలో కలిపితే 36 వోల్టులు. 'మన బస్సుది 24. ఇది దానికి అన్న' అన్నారు నాన్న. గడ్డి కోసే మూడు బ్లేడ్లకు మూడు వేర్వేరు మోటార్లు. బెల్టులు లేవు. మంచు విసిరే యంత్రం, నేల గుల్ల చేసే టిల్లరు, చెట్లు కోసే రంపం, ఆఖరికి వెల్డింగ్ సెట్టు కూడా ఈ ట్రాక్టరుకే ప్లగ్గు పెట్టి నడుపుకునే ఏర్పాటు ఆ రోజుల్లోనే చేశారు. చప్పుడు లేదు, పొగ లేదు. 1973లో పెట్రోలు సంక్షోభం వచ్చి అమెరికాలో బంకుల ముందు క్యూలు కట్టినప్పుడు ఇలాంటివి బాగా నిలదొక్కుకోవాలి నిజానికి. కానీ పెట్రోలు బండ్లకంటే ధర ఎక్కువ. బరువూ ఎక్కువే. కంపెనీ కొన్నాళ్లకు ఆ వ్యాపారం వదిలేసుకుంది. బండ్లు మాత్రం జనం వదల్లేదు. అర్ధశతాబ్దం దాటినా బాగుచేసుకుంటూ, విడిభాగాలు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటూ నడుపుతున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఎందుకంటే వీటిలో పాడయ్యేది తక్కువ. పాడైనా ఓ స్పానరు, ఓ మల్టీమీటరుతో సరిచేసుకోవచ్చు.

ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. 'ఊఁ' కొడుతూ విన్నారు. అమ్మ పోయాక ఆయన అంతసేపు ఫోన్లో ఉండటం అదే.

మామాఅల్లుళ్ల పంచాయతీ

పాత బ్యాటరీలు పూర్తిగా చచ్చిపోయాయి. కొత్తవి ఆరు కొనాలంటే వెయ్యి డాలర్లకు అటూ ఇటూ. 'ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపితే కొత్త గడ్డి మిషనే వస్తుంది' అంది అక్క. న్యాయమైన మాటే. నాన్న ఏమీ అనలేదు. మళ్లీ సోఫాలో కూర్చున్నారు. ఆ రాత్రి బావ అక్కతో అన్నాడట, 'గడ్డి మిషన్‌కైతే వెయ్యి డాలర్లు ఎక్కువే. మావయ్యగారికైతే తక్కువ' అని. మర్నాడే వెళ్లి బ్యాటరీలు తెచ్చాడు. మా బావ మాటకారి కాదు. అయినా నేను విన్న గొప్ప మాటల్లో అదొకటి.

నిజానికి బావకు లిథియం మీద మోజు. 'ఇప్పుడంతా అదే కదా మావయ్యా. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు 3.2 వోల్టులు. పన్నెండు పెడితే 38 దాటుతుంది. బరువు సగానికి సగం పైనే తగ్గుతుంది' అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. ఆయన వాదన రెండు ముక్కలు. ఒకటి, ట్రాక్టరుకు బరువే బలం. ఒక్కో బ్యాటరీ 28 కిలోల దాకా ఉంటుంది. ఆ బరువు తీసేస్తే చక్రం నేలను పట్టుకోదు, తిరిగి ఇసుక బస్తాలు వేసుకోవాలి. రెండు, అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా కంటే ఎంతో కిందకు పోతుంది. ఆ రకం లిథియం సెల్లును సున్నా కింద చార్జి చేస్తే పాడైపోతుంది. సీసం బ్యాటరీ నిండుగా చార్జయి ఉంటే గడ్డకట్టదు. ఈ రెండో సంగతి తాత తరఫున మేనల్లుడు వెతికి పెట్టాడు!

మామాఅల్లుళ్లు రెండు రోజులు వాదించుకున్నారు. అక్క మాత్రం వంటింట్లోంచి వింటూ తెగ సంబరపడిపోయింది. ఇంట్లో నాన్న గొంతు గట్టిగా వినపడి ఎన్నాళ్లయింది!

బండి ముస్తాబు

నేను ఆగస్టులో మూడు వారాలు సెలవు పెట్టి వెళ్లాను. నేను వెళ్లేసరికి బండి నడుస్తోంది. అసలు పని అప్పుడే మొదలైంది. నడిపించడం రిపేరు. మనకు నచ్చినట్టు మలుచుకోవడం సరదా. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

పొద్దున్నే కాఫీ తాగి షెడ్డులోకి. ముందుగా ఉంగరం, వాచీ తీసి కిటికీలో పెట్టేవారు. 36 వోల్టులంటే షాకు కొట్టదులే అనుకుంటాం. కానీ ఉంగరమో, స్పానరో రెండు టెర్మినళ్ల మధ్య పడిందా, వెల్డింగ్ రాడ్డులా భగ్గుమంటుంది. స్పానర్ల పిడికి టేపు చుట్టారు. ఆసిడ్ చిందితే చల్లడానికి వంటసోడా డబ్బా పక్కన. చార్జింగ్ అయ్యేటప్పుడు షెడ్డు తలుపులు బార్లా తెరవాలి. బ్యాటరీ వదిలే హైడ్రోజన్‌కు చిన్న నిప్పురవ్వ చాలు. 'డిపోలో ఇవి గోడ మీద రాసుండేవి. చదివినవాడు బతికేవాడు' అన్నారు నాన్న.

మేనల్లుడి చేత గ్రావిటీ చూపించేవారు. గాజు గొట్టంలోకి ఆసిడ్ లాగితే లోపల తేలే బుడ్డి ఏ గీత దగ్గర ఆగిందో చదవాలి. 1265 వస్తే ఫుల్లు. 1200 అంటే సగం కాస్త అటూ ఇటూ. 1150 అంటే ఖాళీ. ఒక్కో బ్యాటరీకి మూడు సెల్లులు, మొత్తం పద్దెనిమిది. వాడు పలక మీద పద్దెనిమిది అంకెలు రాసి, ఏ సెల్లు నీరసంగా ఉందో కనిపెట్టేవాడు. ఆరు ఆర్ల ఎక్కం ఇంత శ్రద్ధగా ఎవరూ నేర్చుకుని ఉండరు.

పాత వైరింగ్ విప్పుతున్నప్పుడు నాన్నకు ఓ రహస్యం దొరికింది. పాత యజమాని హెడ్‌లైట్ల కోసం ఆరు బ్యాటరీల్లో రెంటి నుంచి మాత్రమే 12 వోల్టులు లాక్కున్నాడు. చూడ్డానికి తెలివైన పనే. కానీ ఆ రెండూ మిగతావాటికంటే ముందే అరిగిపోతాయి. వరసలో ఒకటి చచ్చినా బండి మొత్తం చచ్చినట్టే. 'ఆరుగురు పల్లకి మోస్తున్నారనుకో. అందులో ఇద్దరి నెత్తి మీద ఇంకో మూట పెడితే? వాళ్లు కూలబడతారు. అప్పుడు పల్లకి కింద పడక ఏం చేస్తుంది?' అన్నారు. ఇంట్లోనూ అంతే కదా అనిపించింది నాకు. పైకి అనలేదు. బావ ఓ చిన్న కన్వర్టర్ తెప్పించాడు. అది మొత్తం 36 వోల్టుల నుంచి 12 తీసిస్తుంది. ఆరుగురికీ సమానంగా బరువు!

దాంతో ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు వచ్చాయి. డిజిటల్ వోల్టు మీటరు వచ్చింది. మా ఆర్టీసీ బస్సు గొంతున్న హారన్ వచ్చింది. అది మోగించిన మొదటి రోజు ఉడతలన్నీ చెట్లెక్కాయి. వెనక రేకు మీద నాన్న స్వయంగా బ్రష్షుతో 'హారన్ ప్లీజ్' అని తెలుగులో రాశారు. కింద రెండు కళ్లు, ఓ తామర పువ్వు. ముందు నిమ్మకాయ, మిరపకాయలు. వేగం మార్చినప్పుడల్లా లోపల రిలేలు 'టక్... టక్...' అని కొట్టుకుంటాయి. చాలామంది వాటిని తీసేసి ఎలక్ట్రానిక్ కంట్రోలర్ పెట్టుకుంటారు, వేగం మెత్తగా పెరుగుతుందని. నాన్న తీయనివ్వలేదు. 'ఆ చప్పుడు వింటేనే లోపల ఏం జరుగుతోందో తెలిసేది' అన్నారు.

పాత సైకిల్ చక్రాలతో ట్రాలీ చేశారు. దీనికి వెల్డింగ్ కావాల్సొచ్చింది. పక్కింటి అమెరికన్ పెద్దాయన తన సెట్టు తెచ్చాడు. ఆయనకు తెలుగు రాదు, నాన్నకు ఇంగ్లిషు అంతంతమాత్రం. ఇద్దరూ మల్టీమీటరు చూపించుకుంటూ గంటలు గడిపేశారు. వోల్టులకు భాషేముంది? ఆయన తన తోటలో టమాటాలు ఇచ్చాడు. నాన్న అక్కతో పచ్చడి చేయించి సీసాలో పెట్టి పంపారు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని తిని, మళ్లీ సీసా ఖాళీ చేసి తెచ్చాడు.

ఆఖరుది, నాన్నకు అన్నిటికంటే ఇష్టమైనది, గుంటక. మన పొలాల్లో ఎడ్లకు కట్టే గుంటకను గుర్తు చేసుకుంటూ ఓ ఇనుప బద్దెతో చిన్నది తయారుచేసి బండి వెనక తగిలించారు. పెరట్లో నాలుగు సెంట్లంత నేల చదును చేసి గోంగూర చల్లారు. గడ్డి కోయడానికి పుట్టిన అమెరికా బండి గోంగూర మడి దున్నింది!

ఫుల్ చార్జికి ఎంత అని అడిగితే నాన్న లెక్క ఇదీ. 36 వోల్టులు, సుమారు 225 ఆంపియర్ అవర్లు. గుణిస్తే ఎనిమిది యూనిట్లు. నష్టాలు కలుపుకుంటే పది. సగం కంటే ఎక్కువ ఎప్పుడూ వాడనివ్వరు. సీసం బ్యాటరీని అడుగంటా పిండితే ఆయుష్షు తగ్గుతుంది మరి.

ఉండమంటే...

సెప్టెంబరు దగ్గరపడింది. అక్క అసలు మాట తీసింది. తనకు పౌరసత్వం ఉంది కాబట్టి గ్రీన్‌కార్డుకు పెట్టొచ్చు, ఇక్కడే ఉండిపొమ్మంది. షెడ్డు గుమ్మంలో కూర్చుని వైరు చుట్ట చుడుతూ నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

'పనిలో పడితే మీ అమ్మ గుర్తు రాదనుకున్నా. వస్తూనే ఉంది. కాకపోతే సోఫాలో ఉన్నప్పుడు పోయిన మనిషిలా వచ్చేది. ఇక్కడ, భోజనానికి లేవండి అని కేకేసే మనిషిలా వస్తోంది. అంత చాలు. ఇంక ఇంటికి వెళ్లినా ఉండగలను' అన్నారు.

అక్క ఏడ్చింది. కానీ ఆపలేదు. మేం భయపడ్డ ఖాళీ ఇంటికి నాన్న భయపడటం మానేశారని మా ఇద్దరికీ అర్థమైంది.

ఇప్పుడు అమెరికాలో పెద్ద పెద్ద కంపెనీలు లిథియం గడ్డి ట్రాక్టర్లు అమ్ముతున్నాయి. కాలిఫోర్నియా రాష్ట్రమైతే 2024 నుంచి కొత్త పెట్రోలు గడ్డి మిషన్ల అమ్మకానికి చెక్ పెట్టే నిబంధన తెచ్చింది. మన దగ్గరా 2020లో హైదరాబాదుకు చెందిన సెలెస్టియల్ ఇ-మొబిలిటీ కరెంటు ట్రాక్టరు తయారుచేసి చూపించింది. అదే ఏడాది డిసెంబరులో సోనాలికా కంపెనీ 'టైగర్ ఎలక్ట్రిక్' తెచ్చింది. ఇవన్నీ నాన్నకు పేపర్లో కత్తిరించి ఇస్తుంటాను. అన్నీ చదివి 'బానెట్ ఎత్తితే మనకు అర్థమవుతుందా, లేదా?' అని అడుగుతారు. ఆయన పరీక్ష అదొక్కటే.

అక్టోబరులో నాన్న తిరిగొచ్చారు. ఇప్పుడు మా ఊరి ఇంటి వరండాలో రెండు బల్లలు వేసి, వీధిలో వాళ్ల బ్యాటరీ సైకిళ్లు, స్ప్రేయర్లు చూస్తున్నారు. డబ్బు తీసుకోరు. కాఫీ ఇస్తే తాగుతారు.

బయలుదేరే ముందు ఆయన మేనల్లుడికి ఓ నోటుపుస్తకం ఇచ్చి వచ్చారు. బండి బాగోగులన్నీ అందులో బొమ్మలతో సహా రాశారు. చలి ముదరకముందే ఫుల్ చార్జి పెట్టాలి. నెలకోసారి గ్రావిటీ చూడాలి. డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయ్యాకే పోయాలి, ముందు పోస్తే పొంగి ఆసిడ్ బయటికొస్తుంది. అన్నీ తెలుగులోనే. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. అక్క ఇంగ్లిషులోకి రాసిస్తానంటే నాన్న వద్దన్నారు. 'బండి కావాలంటే వాడే చదువుకుంటాడు' అన్నారు.

మూడేళ్లుగా ఆదివారం తెలుగు బడికి వెళ్లమంటే మారాం చేసినవాడు, ఇప్పుడు గుణింతాలు దాటి ఒత్తుల దాకా వచ్చాడు. పోయిన వారం వీడియో కాల్‌లో పద్నాలుగో పేజీ తీసి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు.

'ఉం-గ-రం... తీ-సి... కి-టి-కీ-లో... పె-ట్టు.'

'నీకు ఉంగరమెక్కడిదిరా?' అన్నాను నేను.

'లేదు మామయ్యా. కానీ తాత రాశాడు కదా, చదవాలి' అన్నాడు.